ఉగ్గుగిన్నెలో పోర్టువైను

నిన్న పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి నిలబడ్డానో లేదో, చెన్నపట్నం నుంచి మా అమ్మాయి ఫోనులో ఒక ముక్క పంపింది. దానికిప్పుడు ఎనిమిదో నెల, తొలికాన్పు. రక్తపోటు కాస్త ఎక్కువగా ఉంది, మంచం దిగొద్దని డాక్టరమ్మ చెప్పిందట. ఊరికే పడుకోలేక, ఏ మాట ఏ దేశంలో పుట్టి ఎట్లా తిరిగి వచ్చిందో చెప్పే పేజీలు ఏవో చదువుకుంటూ ఉంటుంది. నిన్న దొరికిన మాట పోర్టువైను. పోర్చుగల్ దేశంలో పోర్తో అని ఒక రేవుపట్నం, అక్కడి నుంచి ఓడలకెక్కేది కాబట్టి ఆ ఊరి పేరే దానికీ అంటుకుందట. ద్రాక్షరసం పూర్తిగా పులిసిపోకముందే అందులో బ్రాందీ పోస్తారట. దాంతో పులవడం ఆగిపోయి తీపి తీపిగానే మిగులుతుంది, మత్తు మాత్రం పెరుగుతుంది. ఇదంతా పంపి, కింద నవ్వుతున్న బొమ్మ ఒకటి పెట్టి, "అమ్మా, అమ్మమ్మ నీకు ఉగ్గుగిన్నెతో పోసిన మందు ఇదేనా? అయితే నీ పాలు తాగి నేను పుట్టిన వారానికే తాగుబోతునన్నమాట!" అని రాసింది.

పాలు పొంగి పొయ్యంతా పారాయి. తుడవడానికి గుడ్డ తీసుకుని, ఆ గుడ్డతోనే హాల్లోకి వచ్చి, మళ్లీ వంటింట్లోకి వెళ్లి, ఎందుకొచ్చానో మరిచిపోయి పెరట్లోకి పోయాను. మా ఆయన పేపరు దించి, "ఏమిటే, కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడు?" అన్నారు. ఏం చెప్పను? నా కూతురికి ఆ కథ సగమే తెలుసు, నవ్వొచ్చే సగం. రెండో సగం ఈయనకూ తెలియదు. ఆ మాటకు అర్థం నాకు ముప్పై ఏళ్ల కిందటే తెలుసు. తెలిసీ నలుగురి ముందు అబద్ధం చెప్పాను. ఆ అబద్ధాన్ని నమ్మి మా మేనత్త, పదిహేను రోజుల నా బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది. ఆ బిడ్డే ఇప్పుడు చెన్నపట్నంలో మంచం మీద పడుకుని నవ్వుతున్న బొమ్మలు పంపుతోంది.

మా అమ్మ నాకు మూడో ఏటే పోయింది. నన్ను పెంచింది, చదివించింది, పెళ్లి చేసింది మా మేనత్తే. అందుకే మా అమ్మాయి ఆమెను అమ్మమ్మ అంటుంది. ఇందుకూరుపేట దాటాక, మైపాడు పోయే దారిలో, సముద్రపు హోరు వినబడేంత దగ్గరలో వాళ్ల ఊరు. నాలుగెకరాల వరి, రెండు బర్రెలు, ముగ్గురు కొడుకులు, ఒక మొగుడు. బర్రెలు తప్ప తక్కిన వాళ్లంతా ఆమె చెప్పినట్టు వినేవాళ్లు. ఊళ్లో ఎవరికి పురుడొచ్చినా మంత్రసాని తర్వాత కబురు మా అత్తకే. పడమటింటి గూట్లో ఆమె ఒక నల్ల సీసా ఉంచేది, మీద ఇంగ్లీషు అక్షరాలతో. మా మామయ్య నెల్లూరు పోయినప్పుడు తెచ్చేవాడు. పురుడైన నాలుగో రోజు నుంచి, దీపాలు పెట్టే వేళ, బాలింతకు ఉగ్గుగిన్నెతో ఒక గిన్నెడు పోర్టువైను. "రక్తం పడతాది, ఒంట్లో వాయువు చస్తాది" అనేది. ఈ వైద్యం ఆమెకు వాళ్ల అత్త నేర్పింది, ఆవిడకు ఎప్పుడో ఆసుపత్రిలో ఒక నర్సమ్మ చెప్పిందట. అది సారా లాంటిదేనని ఊళ్లో ఎవరికీ తోచలేదు. సారా మగవాళ్లు తాగి పడిపోయేది, ఇది ఆడవాళ్లు తాగి లేచి కూర్చునేది. మా ఊరి లెక్క అంతే.

నేను పురిటికి వెళ్లేసరికి ఊరు మామూలుగా లేదు. జిల్లాలో ఎక్కడికక్కడ ఆడవాళ్లు సారా మీద తిరగబడుతున్న రోజులవి. సాయంత్రం బళ్లో అక్షరాలు నేర్చుకుంటున్న మా ఊరి ఆడవాళ్లు, ఒక పాఠంలో సారా తాగి కొంప ముంచుకున్న వాడి కథ చదివి, "ఇది మన ఇంటి సంగతే గదమ్మా" అనుకుని, పుస్తకం మూసి నేరుగా అంగడి మీదికి పోయారట. అందరికంటే ముందు మా అత్త, చేతిలో చీపురుకట్ట. సారా పాకెట్ల మూటలు కాలవలో కలిశాయి. అప్పటినుంచి మూడు వారాలుగా ఊరి మొదట్లో వంతులేసుకుని కూర్చుంటున్నారు, పాకెట్ల బండి రాకుండా. ఏ ఇంట్లోనూ చుక్క సారా ఉండకూడదని కట్టుబాటు. మా మామయ్య కూడా మానేశాడు. మానేశాడు అంటే, మాన్పించబడ్డాడు. సాయంత్రమైతే వసారాలో కూర్చుని, ఏం చెయ్యాలో తోచక, అల్లిన తాడునే విప్పి మళ్లీ అల్లుతూ ఉండేవాడు.

బాలింత పథ్యం తిన్నవాళ్లకే తెలుస్తుంది. పాత బియ్యపు అన్నం, శొంఠి కారం, వేయించిన వెల్లుల్లి, పాలు పడతాయని మధ్యమధ్యలో సొరచేప పిట్టు. పొద్దుటికీ రాత్రికీ అదే. దాహమని ఏడ్చినా కాచిన నీళ్లు అరగ్లాసు. మంచం కింద కుంపటి, తలకు గుడ్డ, చెవుల్లో దూది, తలుపులు మూసిన చీకటి గది. పుట్టిన బిడ్డను చూసుకుని మురిసిపోయానని రాయాలని ఉంది, కానీ ఆ పదిహేను రోజులూ నేను మురిసింది తక్కువ, ఉక్కపోసింది ఎక్కువ. అటువంటి గదిలోకి దీపాలు పెట్టే వేళ మా అత్త ఉగ్గుగిన్నె పట్టుకొచ్చేది. నేరేడుపండు రంగు, ఎండుద్రాక్ష వాసన. గిన్నె ముక్కు పెదాలకు ఆనించి వంచితే నాలుక మీద తియ్యగా పాకి, గొంతులో వెచ్చగా దిగి, కడుపులో చిన్న దీపం పెట్టినట్టుండేది. కాసేపటికి గోడ మీద బల్లి కూడా ముద్దుగా కనబడేది. మధ్యాహ్నం మూడింటి నుంచే నా చెవి ఆ గూటి తలుపు చప్పుడు మీద ఉండేది.

మా ఆయన అప్పుడు వెంకటాచలంలో బడిపంతులు. ఆదివారం చూడ్డానికి వచ్చినప్పుడు నా విసుగు చూడలేక, బళ్లోంచి లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఒకటి తెచ్చి ఇచ్చారు. బాలింత చదివితే కళ్లు పోతాయని మా అత్త అంటుంది కాబట్టి దిండు కింద పెట్టుకుని దొంగతనంగా చదివేదాన్ని. సీసా మీద చూసిన మాట గుర్తొచ్చి ఒకరోజు వెతికాను. రేవుపట్నం సంగతి, బ్రాందీ సంగతి అన్నీ ఉన్నాయి. చదివి నిఘంటువు మూసేశాను. బ్రాందీ అంటే ఏమిటో నాకు తెలియక కాదు. ఆ సాయంత్రం గిన్నె వచ్చింది, తాగాను. మర్నాడూ తాగాను. అత్తకు చెబుదామని నోటిదాకా వచ్చేది, గిన్నె వచ్చి అడ్డం పడేది.

ఇంతలో మా మామయ్య నోరు జారాడు. టీ కొట్టు దగ్గర ఎవరో తాగుడు మానేసినందుకు ఏడిపిస్తే ఉక్రోషం వచ్చి, "మాకు పాకెట్టు వద్దంట, వాళ్లకు సీసా ముద్దంట! మా ఇంట్లో రోజూ దీపాలేళకి సీమసారా పోస్తా ఉండాది మా ఆడది!" అనేశాడు. అన్న తర్వాత నాలుక కరుచుకున్నాడట. అంగడి నడిపే కాంట్రాక్టరు మనిషి అక్కడే టీ తాగుతున్నాడు. ఆ మాట వాడికి కొబ్బరినీళ్లంత చల్లగా దిగి ఉంటుంది.

మర్నాడు ఎండెక్కిన వేళ. మా అత్త నా బిడ్డకు నీళ్లు పోసి, వసారాలో కాళ్లు చాపుకుని కూర్చుని, ఒక మోకాలి మీద బిడ్డ తల ఆనించుకుని సాంబ్రాణి పొగ వేస్తోంది. గేటు చప్పుడైంది. ముందు ఆడవాళ్లు పాతికమంది, వెనక మగవాళ్లు, వాళ్ల వెనక సైకిలు పట్టుకుని కాంట్రాక్టరు మనిషి. ఇరవయ్యొక్కరోజు దాకా బాలింత గడప దాటకూడదు, పరాయి కంట పడకూడదు. నేను తలుపు చాటున నిలబడి సందులోంచి చూస్తున్నాను. మా అత్త వీపు, పొగ, గేటు దగ్గర తలలు, అంతే కనబడుతున్నాయి.

ఎదురింటి అక్క ముందుకొచ్చింది. మా అత్తకు కుడిభుజం ఆమె. "అక్కా, మగోళ్లు అడగతా ఉండారు. మీ ఇంట్లో సీసా ఉండాదంట గదా. అది సారా అని తేలితే మన మాటకు ఇలవ లేదంట, రేప్పొద్దునే అంగడి తెరస్తారంట. మందో, సారానో నీ నోటితో చెప్పేసెయ్."

"మందే," అంది మా అత్త. "నీ రెండు కాన్పులకీ పోసినా గదా. తాగి యాడన్నా తూలినావా?"

ఆడవాళ్లు నవ్వారు. ఆ గుంపులో సగం మంది ఆ సీసా తాగి లేచిన బాలింతలే. వెనక నుంచి ఒక ముసలాయన, "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు! సీసా మీద ఏం రాసుండాదో చదవమనండి, అచ్చరాలు నేర్చినారు గదా!" అన్నాడు. ఆడవాళ్ల నవ్వు ఆగిపోయింది. వాళ్లు నేర్చింది తెలుగు అక్షరాలు. సీసా మీద ఉన్నవి ఇంగ్లీషు. ఎదురింటి అక్కే లోపలికొచ్చి గూట్లోంచి సీసా తీసి, తలుపు చాటునున్న నా చేతిలో పెట్టింది.

"పాపా, నువ్వు బీయే చదివినావు గదా," అని బయటినుంచి మా అత్త కేకేసింది. "ఏముండాదో చదివి చెప్పమ్మా. సారా కలుస్తాదా అందులో?"

సీసా బరువు ఇప్పటికీ నా చేతికి గుర్తే. నిజం చెబితే రేపు అంగడి తెరుచుకుంటుంది, మా అత్త ఆ ఊళ్లో మళ్లీ తలెత్తలేదు. ఇది పైకి చెప్పుకోదగిన కారణం. రెండోది సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ సాయంత్రం గిన్నె నాకు కావాలి. రెండిట్లో ఏది ముందు తోచిందో ఇప్పటికీ తేల్చుకోలేదు. "మందే అత్తా," అన్నాను. "ద్రాక్షపళ్ల రసం. బలానికి."

"సారా లేదా?"

"లేదత్తా."

ఆడవాళ్ల ఊపిర్లు తేలికపడ్డాయి. అప్పుడు కాంట్రాక్టరు మనిషి గేటు దగ్గర్నుంచి, "అట్టయితే బిడ్డ మీద ఒట్టెయ్యమ్మా, మేం పోతాం" అన్నాడు.

ఒక్క అడుగు ముందుకేసి తలుపు తోస్తే అయిపోయేది. వెయ్యలేదు. సందులోంచి మా అత్త వీపు కదలడం, కుడిచెయ్యి పొగలోంచి బిడ్డ మీదికి వంగడం కనబడింది. "ఒట్టు. నా ఇంట్లో చుక్క సారా లేదు" అన్న మాట వినబడింది. గేటు మూసిన చప్పుడయింది. ఆ అంగడి ఇక తెరుచుకోలేదు. ఆ సాయంత్రం మాత్రం నాకు గిన్నె రాలేదు. గూటి తలుపు చప్పుడు కోసం చెవి పెట్టి పడుకున్నాను. మర్నాడు చూస్తే అదే నల్ల సీసా నిండా ఆముదం ఉంది. "సీసాలోది ఏమైందత్తా" అంటే, "నీకు రక్తం పట్టిందిలే, ఇంక చాలు" అంది. ఆ తర్వాత ఆ ఊళ్లో ఏ బాలింతకూ ఆమె పోర్టువైను పోయలేదు. ఎందుకు మానేసిందో అని ఒక్కసారైనా ఆలోచించానా అంటే, లేదు. రెండు రోజులు గిన్నె కోసం లోలోపల అలిగాను, తర్వాత భయం మొదలై అలకను మరిపించింది.

ఆ భయం ఎట్లాంటిదంటే, బిడ్డకు ఒళ్లు వెచ్చబడితే చాలు నా చెవిలో 'ఒట్టు' అన్న మాట మోగేది. ఐదో ఏట కామెర్లు వస్తే ఆ ఒట్టే అనుకున్నాను. సైకిలు మీంచి పడి చెయ్యి విరిగితే ఆ ఒట్టే. దానికి పెళ్లయి ఆరేళ్లదాకా కడుపు పండకపోతే, ఇంకేముంది, అదే. చదువుకున్నదాన్ని, ఒట్లూ శాపాలూ ఏమిటని నన్ను నేనే కసురుకునేదాన్ని. పగలు నమ్మేదాన్ని కాదు, థర్మామీటరు పాదరసం పాకుతుంటే నమ్మేదాన్ని. ఇప్పుడు ఎనిమిదో నెలలో రక్తపోటు. నిన్న పొద్దున ఆ పేజీ చదివి నేను పెరట్లోకీ వంటింట్లోకీ తిరిగిన తిరుగుడు అందుకు.

పదిగంటలకల్లా ఇక ఉండబట్టలేక చెప్పులేసుకుని, "అత్తను చూసొస్తా" అని బయల్దేరాను. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను, ఎండ కొట్టిందని ఇటు జరిగాను, గాలి రాలేదని మళ్లీ అటు జరిగాను. పక్కనున్నావిడ సంచి తీసి ఒడిలో పెట్టుకుంది. ఇందుకూరుపేట దాటాక ఒకప్పటి వరిమళ్లన్నీ రొయ్యల గుంటలు, చక్రాలు నీళ్లు చిమ్ముతూ తిరుగుతున్నాయి. ఆ చక్రాలూ నేనూ ఒకటే అనిపించింది.

మా అత్తకు ఎనభై దాటి చాలా రోజులైంది. మామయ్య పోయాక చిన్నకొడుకు దగ్గర ఉంటోంది. కొడుకునీ కోడల్నీ రొయ్యల్నీ కలిపి ఏలుతోంది. కుర్చీలోంచి లేవలేదు, నోరు మాత్రం లేచే ఉంది. "ఏమే, చెప్పాపెట్టకండా వచ్చినావు? బిడ్డ బాగుండాదా?" అంది. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను. నిఘంటువు, దిండు, రేవుపట్నం, బ్రాందీ, అన్నీ ఏకరువు పెట్టి, "ఆ పొద్దు నీతో అబద్ధం చెప్పానత్తా. నన్ను నమ్మి నువ్వు నా బిడ్డ మీద ఒట్టేశావు" అన్నాను. అనేసరికి ఏడుపొచ్చింది. అరవయ్యేళ్లు వచ్చాక ఏడిస్తే ముక్కు ముందు ఎర్రబడుతుంది, ఆ తర్వాతే కన్నీళ్లు.

మా అత్త తాపీగా తమలపాకు ఈనె తీసింది. "రేవు పేరా అది? నాకు తెలవదే," అంది. "సారా కలుస్తాదని మాత్రం తెలుసు."

"ఎప్పుడు తెలుసు?"

"నువ్వు తలుపు చాట్నుంచి 'మందే అత్తా' అన్నావు చూడూ, అప్పుడే. శొంఠి మింగమంటే ముక్కు మూసుకుంటివి, వామునీళ్లు తాగమంటే కక్కుకుంటివి. ఆ గిన్నె కోసం మాత్రం పొద్దు తిరిగిందగ్గిర్నుంచి గూటికల్లా చూస్తా ఉంటివి. మందు కోసం ఎవురన్నా ఎదురుచూస్తారామే? నాకు అంతకు ముందే అనుమానం. నీ గొంతు వినంగానే తేలిపోయింది. అబద్ధం చెప్పేటప్పుడు నీ గొంతు మీ నాయన గొంతు మాదిరే సన్నబడతాది."

"తెలిసీ బిడ్డ మీద ఒట్టేశావా?" నాకు ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్ల భయం ఒక్కసారిగా కోపమై పొంగింది. "నా బిడ్డ ఏమైనా పరవాలేదనుకున్నావా?"

"అంగడి తెరిపించేదా మరి? పాతికమంది ఆడోళ్లు, ఎవురి కొంప ఎట్టుండాదో నాకు తెలుసు," అంది మా అత్త, తనూ గొంతు పెంచి. తర్వాత తగ్గించింది. "నా చెయ్యి యాడ పెట్టినానో చూసినావా నువ్వు?"

"బిడ్డ తల మీద."

"తల పక్కన. నా మోకాలి మీద. సాంబ్రాణి పొగలో ఎవురికి కనబడిందంట? అబద్ధమైతే ఈ మోకాలు పడిపోనీ సామీ, పసిబిడ్డ జోలికి పోబాకు అనుకున్నా." చీర కుచ్చెళ్లు పక్కకు తోసి, కట్టు కట్టిన కుడి మోకాలు చూపించింది. "పదేళ్లయింది ఇది నన్ను నడవనీక. డాక్టరు అరిగిందంటాడు. మావోడు ఆపరేషను చేయిస్తానంటాడు. వద్దురా అబ్బయ్యా, అది నేను మొక్కుకున్న నొప్పి అంటే ముసిల్దానికి మతి పోయిందనుకుంటాడు."

నేను కింద కూర్చున్నాను. పొద్దుటినుంచీ మొదటిసారి కుదురుగా కూర్చోవడం అదే. గూట్లో ఆముదం ఎక్కడుందో అడిగి తెచ్చి, కట్టు విప్పి, ఆ మోకాలికి రాయడం మొదలుపెట్టాను. "మెల్లిగా, మెల్లిగా," అని కసిరింది. "బిడ్డను పురిటికి తీసుకొచ్చినాక నాకు చూపించు. పోర్టువైనూ గీర్టువైనూ పోసేవు, రాగిజావ పొయ్యి."

మా అమ్మాయి మళ్లీ ఫోను చేసింది, ఇదేనా ఆ మందు చెప్పవేమని. ఇదేనే అన్నాను. అమ్మమ్మ పక్కనే ఉంది, మోకాలు నొప్పి అంటోంది, మాట్లాడు అని ఫోను అత్త చెవి దగ్గర పెట్టాను. వాళ్లిద్దరూ నవ్వుకుంటుంటే నేను ఆముదం చెయ్యి తుడుచుకోవడం కూడా మరిచి ఆ మోకాలినే చూస్తూ కూర్చున్నాను. ముప్పై ఏళ్లకు పైగా నా బిడ్డ తల మీదే ఉందని నేను వణికిపోయిన ఆ చెయ్యి, ఇన్నేళ్లూ అక్కడికి జానెడు దూరంలోనే ఉంది.